ఫారములో ఫారము: గడిని పిలుచు విధము

నంద్యాల స్టేషనులో రైలు దిగిన యాత్రికుడు బయటకు వచ్చి ఆటోవానితో "నంది గుడికి పోవలెను" అన్నచో అతడు వెంటనే బండి కదల్పడు. "ఏ నంది, సామీ?" అని తిరిగి యడుగును. అడుగుట న్యాయమే. ఆ సీమలో నందులు తొమ్మిది. ప్రథమనంది, నాగనంది, సోమనంది పట్టణములోనే యున్నవి. మహానంది తూర్పున నల్లమల పాదమున నున్నది. తక్కినవి ఆ చుట్టుపట్ల నున్నవి. ఆళ్లగడ్డ మీదుగా అహోబిలము పోవువారికిని ఇట్టి ప్రశ్నయే యెదురగును. అక్కడ నరసింహస్వామి తొమ్మిది రూపములలో వెలసియున్నాడు. జ్వాలానరసింహుడు ఒకచోట, మాలోలుడు వేరొకచోట, పావననరసింహుడు మరియొకచోట. "నరసింహస్వామి గుడి" యన్న మాట అసత్యము కాదు. కాని అది యొక్కటే మనలను గమ్యము చేర్చదు. పేరు చాలనిచోట దారి చెప్పవలెను. దారి చెప్పునపుడు నడుమ మెట్టు విడువరాదు.

నేడు మేము ముచ్చటింపదలచినది గుడులను గూర్చి కాదు. కంప్యూటరు తెరపై కనబడు ఫారములను గూర్చి. చిక్కు మాత్రము ఇదియే. ఒక పెద్ద ఫారములో చిన్న ఫారము ఇమిడియుండును. ఆ చిన్న ఫారములోని గడిలో ఒక అంకె యుండును. ఆ అంకెను బయటనుండి పిలువవలసినపుడు ఏ పేరుతో పిలువవలెను? చూచుటకు ఇది గుమాస్తాల కొలువుకూటమునకు చెందిన స్వల్పవిషయము. కాని ఈ పిలుపు తప్పినందున ఒక ముసలమ్మ పదునారు మూటల శనగలను కాగితముమీద పోగొట్టుకొనబోయిన సంగతి మేము కన్నులార చూచితిమి. కావున ఇంటనుండి వినువారికిని, చదువువారికిని ఇది తెలియుట మంచిదని తలచుచున్నాము. నేడు మన రసీదులు, బిల్లులు, పద్దులు పెక్కు ఇట్టి ఫారములనుండియే వెలువడుచున్నవి గదా.

ముందుగా సాధనమును గూర్చి నాలుగు మాటలు. 1970లో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచుండిన కాడ్ అను గణితవేత్త ఒక వ్యాసము ప్రకటించెను. సమాచారమునంతను అడ్డువరుసలు, నిలువువరుసలు గల పట్టికలుగా అమర్చి, ఒక పట్టికకును మరియొక పట్టికకును గల సంబంధమును వానియందలి విలువలచేతనే తెలుపవచ్చునని ఆయన చూపెను. నేటి డేటాబేసులలో పెక్కింటికి ఆ యూహయే పునాది. అది మొదట పెద్ద యంత్రములకు పరిమితమై యుండెను. పిమ్మట బల్లమీది కంప్యూటర్లకును వచ్చెను. మైక్రోసాఫ్టు వారి యాక్సెస్ 1992 నవంబరులో వెలువడెను. ప్రోగ్రాము రచనలో ఆరితేరనివారు కూడ పట్టికలు కట్టుకొని, వానిపై ఫారములు గీచుకొని, చిన్న కార్యాలయమును నడుపుకొనుటకు అది వీలు కలిగించినది. ఒక యాక్సెస్ ఫైలు 2 గిగాబైట్లు మించరాదు. ఒక అంగడికి, ఒక గిడ్డంగికి, ఒక శిల్పశాలకు అంతకన్న అవసరమును లేదు.

ఇక ఫారములో ఫారము ఎందుకు? నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేలలలో పప్పుశనగ విరివిగా పండును. కోతకాలమున ధర పడిపోవును. కావున రైతులు సరుకును గిడ్డంగిలో దించి, మంచి ధరకై వేచియుందురు. గిడ్డంగివారిచ్చు రసీదుపై అప్పు తెచ్చుకొనువారును కలరు. ఆ గిడ్డంగి పుస్తకము నొకసారి ఊహింపుడు. పైన రైతు పేరు, ఊరు. దానిక్రింద ఆ రైతు దించిన సరుకులు: ఒకనాడు శనగలు, ఒకనాడు జొన్నలు. ఒక్కొక్క సరుకుక్రింద దాని తూకములు: ఏ మూటలు ఏ కాటాపై ఎంత తూగినవో ఆ వివరము. రైతు ఒక్కడు, సరుకులు పెక్కు. సరుకు ఒక్కటి, తూకములు పెక్కు. తెరపై దీనిని చూపవలెనన్న రైతు ఫారములో సరుకు ఫారమును, సరుకు ఫారములో తూకపు ఫారమును ఇమిడ్చెదరు. రైతును మార్చినంతనే లోపలి సరుకులు మారును. సరుకును మార్చినంతనే దాని తూకములు మారును. వెలుపలి ఫారమునందలి రైతుసంఖ్యను లోపలి ఫారమునందలి రైతుసంఖ్యతో ముడివేయుటకు యాక్సెస్‌లో రెండు గుణములు కలవు. ఒకటి లింక్ మాస్టర్ ఫీల్డ్స్, రెండవది లింక్ చైల్డ్ ఫీల్డ్స్. ఆ ముడి వలననే లోపల ఆ రైతు సరుకు మాత్రమే కనబడును. ఇట్లు ఒకదానిలో ఒకటిగా ఏడు మెట్లవరకు ఇమిడ్చుటకు నేటి యాక్సెస్ అనుమతించును.

ఇపుడు ముసలమ్మ సంగతి. నంద్యాల ఆళ్లగడ్డల నడుమ మాకు తెలిసిన గిడ్డంగి యొకటి కలదు. పేరుతో పని లేదు. ఒక ఉదయమున ఆమె రసీదు చేతబట్టుకొని గుమాస్తా బల్లయెదుట నిలిచెను. మేము మరొక పనిమీద అచ్చట కూర్చుండియుంటిమి.

"నాయనా, నేను దించింది యాభై ఆరు మూటలు. నీ కాగితంలో నలభై ఉండాది. తక్కినవి యాడికి పోయినాయి?" అని ఆమె యడిగెను.

"అవ్వా, కంప్యూటరు చెప్పిందే రాసినా. అది తప్పు చెప్పదు" అని గుమాస్తా బదులు చెప్పెను.

"అది చెప్పదు లేబ్బా. నువ్వు దాన్ని ఏమని అడిగినావో చూడు" అని ఆమె యనెను.

ఆమెకు చదువు రాదు. కాని బండి కెత్తునపుడు ఒక్కొక్క మూటకు ఒక్కొక్క బొగ్గుగీత చొప్పున ఇంటిగోడపై గీచుకొనినది. అయిదేసి గీతల కట్టలు పదునొకండు, పైన ఒక గీత. ఆ లెక్క ఆమెకు కంఠస్థము. ఆమె వెనుక నిలిచిన రైతు తన రసీదు చూచుకొనెను. అందును నలుబదియే! అతడు దించినది డెబ్బది. అపుడు గుమాస్తా ముఖము వెలవెలబోయెను. ఆ ఉదయము వ్రాసిన రసీదులన్నిటను అదే అంకె పడియుండెను.

కంప్యూటరు దగ్గర కూర్చుండి చూచినపుడు తేలినదేమనగా, ముసలమ్మ లెక్క లోపలి సరుకు ఫారమునందు సరిగానే యుండెను: యాభై ఆరు. గుమాస్తా కన్నులకు సులభముగ నుండునట్లు ఆ అంకెనే పైఫారమునందు పెద్ద అక్షరములతో చూపవలెనని ముందునాటి సాయంకాలము ఒక కొత్త గడి పెట్టియుండిరి. రసీదు ఆ కొత్త గడిని చూచియే వ్రాసిరి. నలుబది యను అంకె ఆ గడిలోనిది. అది ఎక్కడనుండి వచ్చినదో తెలియవలెనన్న పిలుచు విధమును తెలియవలెను.

ఆళ్లగడ్డ శిల్పులు దేశమంతటి గుడులకు రాతివిగ్రహములు చెక్కియిచ్చుచుందురు. ఆ పనిసాలను తలచుకొనినచో ఈ విషయము చక్కగా బోధపడును. శివాలయపు దక్షిణపుగోడలో ఒక గూడు ఉండును. అందు దక్షిణామూర్తిని నిలుపుదురు. గూడు వేరు, విగ్రహము వేరు. గూడు గుడిగోడలోని భాగము. విగ్రహము వేరుగా చెక్కబడి తెచ్చి అందు నిలుపబడినది. అదే శిల్పి అదే నమూనాలో చెక్కిన మరియొక దక్షిణామూర్తి వేరొక గుడికై పనిసాలలో నిలిచియుండవచ్చును. అపుడు ఎవరైన "దక్షిణామూర్తి చేతిలోని పుస్తకము చూచి రమ్ము" అన్నచో కుర్రవాడు పనిసాలకే పోవచ్చును. "ఫలాని గుడి, దక్షిణపు గూడు, అందలి విగ్రహము, దాని చేతి పుస్తకము" అన్నచో పొరపాటునకు తావు లేదు.

యాక్సెస్‌లో నున్న ఏర్పాటు అచ్చముగ ఇట్టిదే. పైఫారము గుడి. దానిపై లోపలి ఫారమునకై ఉంచిన చట్రము గూడు. ఆ చట్రమునకు దాని పేరు దానికి కలదు. అందు నిలుపబడిన ఫారము విగ్రహము. దానికి వేరొక పేరు కలదు. ఈ రెండు పేర్లును ఒక్కటియే కావచ్చును, కాకపోవచ్చును. సిద్ధముగ నున్న ఫారమును లాగి తెచ్చి పైఫారముపై వదలినపుడు యాక్సెస్ సాధారణముగ గూటికిని ఆ ఫారము పేరే పెట్టును. పిమ్మట ఎవరైన ఒకదాని పేరు మార్చిరా, రెండును విడిపోవును. పిలుపులో చెల్లునది గూటిపేరే కాని విగ్రహము పేరు కాదు. ఈ యొక్క వాక్యము జ్ఞాపకముంచుకొనినవారికి ఈ విషయమున సగము చిక్కులు తొలగినట్లే.

రైతు ఫారములో సరుకు ఫారము నిలిచిన గూటిపేరు "సరుకుగూడు" అనుకొందము. లోపల "మూటలు" అను గడి కలదు. దానిని ఎక్కడనుండియైనను పిలుచు పూర్తి విధము ఇది:

ఫార్మ్స్ ! రైతు ! సరుకుగూడు . ఫార్మ్ ! మూటలు

దీనిని మెట్టుమెట్టుగా చదువుదము. "ఫార్మ్స్" అనగా ప్రస్తుతము తెరచియున్న ఫారముల సముదాయము. "రైతు" అందులో మనకు కావలసిన పైఫారము. "సరుకుగూడు" ఆ ఫారముపై గల గూడు. తరువాతి "ఫార్మ్" అనగా ఆ గూటియందలి ఫారము. చివరి "మూటలు" మనము వెదకు గడి. నడుమ నున్న గుర్తులు రెండు రకములు. ఆశ్చర్యార్థకపు గుర్తు తరువాత మనము పెట్టుకొన్న పేరు వచ్చును. చుక్క తరువాత యాక్సెస్ తానుగా ఇచ్చిన గుణము పేరు వచ్చును. రైతు, సరుకుగూడు, మూటలు మనము పెట్టినవి, వానిముందు ఆశ్చర్యార్థకము. ఫార్మ్ అనునది గూటికి సహజముగ గల గుణము, దానిముందు చుక్క. అలవాటైనవారు నడుమ నున్న ఫార్మ్ అను మాటను విడిచి వ్రాయుటయు కలదు. కొన్నిచోట్ల అది చెల్లును. కాని పూర్తిగా వ్రాసినచో చదువువానికి ఇది గూడు, ఇది విగ్రహము అని స్పష్టపడును. కావున విడువకుండుటయే మేలని మా యభిప్రాయము.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. "ఫార్మ్స్" సముదాయములో నుండునవి తమంత తాముగా తెరచుకొన్న ఫారములు మాత్రమే. గూటిలో నిలిచిన ఫారము తెరపై కనబడుచున్నను ఆ సముదాయపు లెక్కలోనికి రాదు. అది గూటిద్వారా మాత్రమే చేరదగినది.

గిడ్డంగిలో జరిగినది ఇపుడు తెలియగలదు. కొత్త గడి పెట్టినవాడు గూటిద్వారా పోక, విగ్రహము పేరుతో ఇట్లు పిలిచెను:

ఫార్మ్స్ ! సరుకు ! మూటలు

ఇది చెల్లరాదు గదా, మరి చెల్లినదెట్లు? ముందునాటి సాయంకాలము అతడు సరుకు ఫారమును పరీక్షకై విడిగా కూడ తెరచి, దానిని చిన్నదిగా చేసి, తెర యడుగున వదలి యింటికి పోయెను. కంప్యూటరు ఆర్పలేదు. అనగా అదే నమూనాకు రెండు ప్రతులు నిలిచినవి. ఒకటి రైతు ఫారపు గూటిలో. మరియొకటి విడిగా, పనిసాలలోని విగ్రహమువలె. విడి ప్రతికి ఏ రైతుతోను ముడి లేదు. కావున అది పట్టికలోని మొదటి సరుకుమీదనే నిలిచియుండెను. ఆ మొదటి సరుకు ఎవరో మరొక రైతుది: నలుబది మూటలు. పైఫారమున ఏ రైతు వచ్చినను కొత్త గడి ఆ విడి ప్రతినే అడిగి నలుబది యని చెప్పుచుండెను. కంప్యూటరు తప్పు చెప్పలేదు. అడిగిన దానికే బదులు చెప్పినది. ముసలమ్మ మాట అక్షరాల నిజమయ్యెను.

మేము ఆ విడి ప్రతిని మూసినంతనే కొత్త గడిలో నలుబది పోయి, చదరపు గుర్తుతో కూడిన "నేమ్?" అను సూచన వచ్చెను. గుమాస్తా "అయ్యో, చెడిపోయె!" అనెను. మేము "కాదన్నా, ఇపుడే నిజము చెప్పుచున్నది" అంటిమి. ఆ సూచనకు అర్థము, నీవు చెప్పిన పేరుగలది నాకు కనబడలేదని. అట్టి సూచన కనబడినపుడు పని నిలిచిపోవును, మనిషి విసుగుకొనును, కాని ఎవరికిని నష్టము కలుగదు. తప్పు అంకె నిబ్బరముగ నిలిచి కనబడుటయే అపాయము. పిలుపును గూటిపేరుతో సరిదిద్దగనే యాభై ఆరు వచ్చెను. ఉదయపు రసీదులన్నిటిని తిరిగి వ్రాయవలసివచ్చెను. వానిలో ఒకటి అప్పుకై అప్పటికే బ్యాంకుకు పోయియుండెను. దానిని తెచ్చుటకు ఒక మనిషిని మోటారు సైకిలుపై పంపిరి.

ఈ పద్ధతినే మరియొక మెట్టు లోపలికి సాగింపవచ్చును. సరుకు ఫారములో తూకపు ఫారము నిలిచిన గూటిపేరు "తూకపుగూడు" అయినచో, అందలి బరువును ఇట్లు పిలువవలెను:

ఫార్మ్స్ ! రైతు ! సరుకుగూడు . ఫార్మ్ ! తూకపుగూడు . ఫార్మ్ ! బరువు

ప్రతి మెట్టునందును గూటిపేరు, వెంటనే చుక్క, ఫార్మ్ అను మాట. ఎన్ని మెట్లున్నను నియమము ఇదియే.

ఇంటివారిని ఇంటిలో పిలుచునపుడు ఊరుపేరు చెప్పము. అట్లే పిలుచువాడు ఆ ఫారములోనే యున్నపుడు దారి కురుచయగును. పైఫారముపై నున్న గడియే లోపలి గడిని పిలుచునపుడు, గడి మూలస్థానములో

= [సరుకుగూడు].[ఫార్మ్]![మూటలు]

అని వ్రాసిన చాలును. ప్రోగ్రాము భాగములో వ్రాయునపుడు మొదట "మీ" అను మాట చేర్తురు. ఇది తెలుగు "మీ" కాదు. "నేను" అను అర్థమిచ్చు ఆంగ్లపదము; "నేనున్న ఈ ఫారము" అని భావము. మన చెవికి ఎదుటివానిని చెప్పినట్లు వినబడును గాని అక్కడ తన్ను తానే చెప్పుకొనుట. గడి మూలస్థానములో మాత్రము ఈ మాట చెల్లదు. లోపలినుండి బయటికి చూడవలెనన్న "పేరెంట్" అను గుణము కలదు. సరుకు ఫారములోని గడి తన పైనున్న రైతు పేరును

= [పేరెంట్]![రైతుపేరు]

అని అడుగవచ్చును. తూకపు ఫారము తాతను అడుగదలచినచో పేరెంట్ అను మాట రెండుసార్లు వ్రాయవలెను. అయితే ఈ పిలుపుగల లోపలి ఫారమును విడిగా తెరచినపుడు దానికి పైన ఎవరును లేరు గనుక తప్పు సూచన వచ్చును. అందుకు భయపడ నవసరము లేదు.

ఒకే పైఫారముపై పక్కపక్కన రెండు గూళ్లుండు సందర్భమును కలదు. ఆళ్లగడ్డలో ఒక శిల్పశాల పద్దును ఊహింపుడు. పైన విగ్రహములు కోరినవారి పేరు. ఎడమ గూటిలో వారు కోరిన విగ్రహముల పట్టిక. కుడి గూటిలో ఎడమ ప్రక్కన ఎంచిన విగ్రహముయొక్క పని ఎంతవరకు వచ్చినదో ఆ వివరము: రాయి తెచ్చుట, గీతలు గీచుట, చెక్కుట, నునుపు పెట్టుట. కుడిది ఎడమదానిని అనుసరింపవలెను. కాని అవి తండ్రీబిడ్డలు కావు, తోబుట్టువులు. తోబుట్టువుల నడుమ మాట తండ్రిద్వారా నడచినట్లు, పైఫారముపై కంటికి కనబడని ఒక గడి పెట్టి, అందు ఎడమ గూటియందలి విగ్రహసంఖ్యను పిలిచి నిలుపవలెను:

= [విగ్రహగూడు].[ఫార్మ్]![విగ్రహసంఖ్య]

కుడి గూటియొక్క లింక్ మాస్టర్ ఫీల్డ్స్ గుణములో ఆ కనబడని గడి పేరును, లింక్ చైల్డ్ ఫీల్డ్స్ గుణములో విగ్రహసంఖ్యను వ్రాయవలెను. ఇక ఎడమ ప్రక్కన నందిని ఎంచిన కుడి ప్రక్కన నంది పని, గణపతిని ఎంచిన గణపతి పని కనబడుచుండును. ప్రోగ్రాము వ్రాయ నక్కరలేదు.

మొత్తములను గూర్చియు కొంచెము చెప్పవలెను. ముసలమ్మకు ఒక్కటే సరుకు గనుక ఆ గడి సరిపోయినది. రెండు మూడు సరుకులున్న రైతుకు అట్టి గడి తెరపై నిలిచిన సరుకును మాత్రమే చెప్పును. అన్నిటి మొత్తము కావలెనన్న లోపలి ఫారము అడుగుభాగములో "సమ్" అను కూడికతో ఒక గడి పెట్టి, పైఫారము ఆ గడిని పిలువవలెను. ఆ కూడికలో పట్టికయందలి నిలువువరుసల పేర్లు వ్రాయవలెను గాని, ఫారముపై లెక్కగట్టిన గడుల పేర్లు వ్రాసిన చెల్లవు. మరియు వ్రాసి ముగియని వరుస ఆ కూడికలో చేరదు. వరుస మొదట పెన్సిలు గుర్తు కనబడుచున్నంతవరకు అది ఇంకను పట్టికలో నిలువలేదని యెరుగవలెను. లోపలి ఫారమునుండి పైఫారములోని గడికి వచ్చినంతనే ఆ వరుస నిలుపబడును. కావున మొత్తము చూచి రసీదు వ్రాయుటకుముందు ఒకసారి బయటికి వచ్చి చూచుట మంచి యలవాటు.

క్రొత్తగా చేరిన రైతుకు ఇంకను సరుకేమియు లేదు. అట్టివేళ లోపలి ఫారము కొత్త వరుసలను చేర్చుటకు అనుమతించునదైనచో చిక్కు లేదు. అనుమతి లేనిదైనచో అందు గడులే కనబడక ఖాళీగా నుండును; దానిని పిలిచిన పైగడిలో తప్పు సూచన వచ్చును. ఇది శూన్యమైన విలువ కాదు, అసలు విలువయే లేకుండుట. విలువ ఖాళీగా నున్నపుడు సున్న చూపు "ఎన్‌జెడ్" అను ఉపాయము ఇచ్చట పనిచేయదు. తప్పు వచ్చినదా యని ముందు "ఈజ్ ఎర్రర్" తో అడిగి, వచ్చినచో సున్న చూపునట్లు వ్రాసికొనవలెను.

మరియొక మెలకువ. ఇల్లు కట్టునపుడు గోడ ముందు, లోపలి సామాను తరువాత. యాక్సెస్ తెరచుకొనుట దీనికి విరుద్ధము: లోపలి ఫారము ముందు సిద్ధమగును, పైఫారము పిమ్మట. అందుచేత లోపలి ఫారము తెరచుకొను క్షణమున నడుచు ప్రోగ్రాము పైఫారములోని గడిని అడిగినచో ఆ గడికి ఇంకను విలువ వచ్చియుండదు. అట్టి పనిని పైఫారము తెరచుకొను ఘట్టమునకు అప్పగించుట యుక్తము.

ఇక పేర్లను గూర్చి. మేము ఇచ్చట బోధపడుటకై పేర్లను తెలుగున వ్రాసితిమి. 2000 నాటి కూర్పునుండి యాక్సెస్ యూనికోడును గ్రహించును గనుక పట్టికలలో తెలుగు విలువలు, ఫారములపై తెలుగు శీర్షికలు నిస్సంకోచముగ వాడవచ్చును. కాని ప్రోగ్రాము వ్రాయు కిటికీ యూనికోడును ఎరుగదు; అందు తెలుగు అక్షరములు ప్రశ్నార్థకపు గుర్తులై పోవును. కావున గుమాస్తా చదువు శీర్షికలు తెలుగున, యంత్రము పిలుచు పేర్లు ఆంగ్లాక్షరములలో నుంచుట క్షేమము. పేరులో ఖాళీలు పెట్టకుండిన మరింత మేలు. అన్నిటికన్న ముఖ్యము, గూటికిని విగ్రహమునకును వేర్వేరు పేర్లు పెట్టుట. రెండును ఒకటే అయినపుడు తప్పు పిలుపు కూడ ఒప్పు పిలుపువలె కనబడి, గిడ్డంగిలో జరిగినట్లు ఒకనాడు మోసగించును.

పిలుపు సరియో కాదో చూచుకొనుటకు సులభమైన మార్గములు రెండు. కంట్రోల్ మీటతో జి మీటను నొక్కినచో క్రింద ఒక చిన్న కిటికీ తెరచుకొనును. అందు ప్రశ్నార్థకము పెట్టి, వెనుక పూర్తి పిలుపును వ్రాసి ఎంటర్ నొక్కిన విలువ వెంటనే కనబడును. రెండవది, ఎక్స్‌ప్రెషన్ బిల్డర్ అను సాధనము. పైఫారమును తెరచియుంచి, అందులో తెరచిన ఫారముల జాబితానుండి మెట్టుమెట్టుగా దిగి గడిని ఎంచినచో దారినంతను అదియే వ్రాసియిచ్చును. కాని పరీక్షించునపుడు ఒక నియమము పాటింపవలెను: లోపలి ఫారముల విడి ప్రతులన్నిటిని ముందు మూసివేయవలెను. ఒక్క రైతుతో తృప్తిపడక, ఇద్దరు ముగ్గురు రైతులను మార్చి చూడవలెను. అంకె మారవలసినచోట మారకుండినచో పిలుపు తప్పినదని గ్రహింపవలెను.

ఇదంతయు నేర్చినవారి పని. మాకేమి యని ఇంటివారు తలపవచ్చును. మీరు ఫారములు గీయ నవసరము లేదు. మీ చేతికి రసీదు వచ్చినపుడు మీ లెక్క మీయొద్ద ఉంచుకొనుడు. అది గోడపై బొగ్గుగీతయైనను సరియే. తేడా కనబడినపుడు "కంప్యూటరు చెప్పినది" అను మాటతో వెనుదిరుగక, దానిని ఏమని అడిగితిరో చూపుమని మర్యాదగా కోరుడు. ఆ గిడ్డంగిలో ఇపుడు రసీదు వ్రాయుటకుముందు గుమాస్తా పైగడిని, లోపలి గడిని రెంటిని చదివి వినిపించి, రైతు ఔనన్న పిమ్మటనే సంతకము చేయుచున్నాడు. ముసలమ్మ యాభై ఆరు మూటల రసీదును కొంగున కట్టుకొని ఆళ్లగడ్డ బస్సెక్కినది.